పసుపు రంగు రాకపోతే మందు దొరికినట్టేనా?

మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది ఆల్ఫా గ్లూకోసిడేజ్ పరీక్ష. పిండిపదార్థాన్ని గ్లూకోజుగా విడగొట్టే ఎంజైమును ఏ పదార్థం ఆపుతుందో చూడడమే ఈ పరీక్ష. 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు ఒకటి తీసుకుంటాం. ఒక్కో గుంటలో కొంచెం బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం), కొంచెం ఎంజైము, మనం పరీక్షించదలచుకున్న పదార్థం వేసి కాసేపు ఆగుతాం. తర్వాత పీఎన్‌పీజీ అనే రసాయనం కలుపుతాం. అందులో గ్లూకోజుకు నైట్రోఫినాల్ అంటుకుని ఉంటుంది. ఎంజైము పనిచేస్తే రెండూ విడిపోతాయి. చివర సోడియం కార్బొనేట్ పోయగానే, విడివడ్డ నైట్రోఫినాల్ వల్ల గుంట పసుపుపచ్చగా మారుతుంది. ఎంజైము పని ఆగిపోయి ఉంటే రంగు రాదు. 405 నానోమీటర్ల కాంతి దగ్గర రంగును కొలిస్తే ఎంత ఆగిందో అంకెల్లో తెలిసిపోతుంది.

రంగు రాని గుంట కనిపిస్తే చాలు, పిల్లలు ఎగిరి గంతేస్తారు. "మేడమ్, ఇది ఎకార్బోస్ కన్నా చాలా బాగా ఆపుతోంది!" అంటారు. ఎకార్బోస్ అంటే డయాబెటిస్‌కి ఇప్పటికే వాడుకలో ఉన్న మందు. దాన్ని పోలికకోసం పక్క గుంటల్లో వేస్తాం. దాన్ని మించిన పదార్థం మొదటి వారంలోనే దొరికిందంటే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు! నేను నవ్వేసి, ఎంజైము సీసా మీద ఏం రాసుందో చదవమంటాను.

సీసా మీద ఈస్ట్ అని ఉంటుంది.

పరీక్షలకు ఈస్ట్ ఎంజైమునే ఎక్కువమంది వాడతారు. చవక, నీళ్లలో సులువుగా కరుగుతుంది, బాగా పనిచేస్తుంది. కానీ మన పేగుల్లో పిండిపదార్థాన్ని గ్లూకోజుగా విడగొట్టే మాల్టేజ్ గ్లూకోఅమైలేజ్, సుక్రేజ్ ఐసోమాల్టేజ్ వేరే కుటుంబానికి చెందినవి. పేరులో ఆల్ఫా గ్లూకోసిడేజ్ అని ఉన్నంత మాత్రాన ఒకటే అయిపోవు. ఎకార్బోస్ పేగు ఎంజైములను చాలా తక్కువ మోతాదులోనే ఆపేస్తుంది. ఈస్ట్ ఎంజైమును మాత్రం అంతగా పట్టించుకోదు. అంటే ఓడిపోవడానికే నిలబెట్టిన పహిల్వానును ఓడించి, మేం గెలిచామని చెప్పుకున్నట్టు. ఏ ఆకు రసం పోసినా "ఎకార్బోస్ కన్నా మిన్న" అని తేలుతుంది. ఈ ఒక్క పోలిక మీద నిలబడ్డ పేపర్లు ఎన్ని చదివానో! వాటిని చదివి ఇది డయాబెటిస్‌కి మందే అని నమ్మేవాళ్లను చూస్తే మాత్రం నాకు నవ్వు రాదు.

ఎంజైము మార్చి, ఎలుక పేగునుంచి తీసినది వాడామనుకోండి. అప్పటికీ ఇంకో చిక్కు ఉంది. మొక్కల్లోని చాలా పదార్థాలు, రసాయన ల్యాబుల్లో తయారైనవి కూడా, నీళ్లలో పూర్తిగా కరగకుండా కంటికి కనిపించనంత చిన్న ముద్దలు కడతాయి. ఎంజైము వెళ్లి ఆ ముద్దలకు అతుక్కుని పని మానేస్తుంది. పదార్థం ఎంజైములో సరైన చోట కూర్చుని ఆపిందని మనం మురిసిపోతాం. బ్రయాన్ షోయ్‌కెట్ అనే శాస్త్రవేత్త బృందం ఈ సంగతి చాలా ఓపికగా బయటపెట్టింది. దీన్ని పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. బఫర్‌లో 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100, అంటే ఒక రకం డిటర్జెంటు కలపాలి. ముద్దలు విడిపోతాయి. చాలాసార్లు మన గొప్ప మందు కూడా వాటితోపాటే మాయమవుతుంది. పసుపు రంగు మళ్లీ వచ్చేస్తుంది. పిల్లలకు ఏడుపొక్కటే తక్కువ.

ఇదంతా వాళ్లని నిరుత్సాహపరచడానికి చేయించను. ఎంజైమును ఆపడం ఈ పనిలో అన్నిటికన్నా తేలికైన భాగమని చేతులతో తెలుసుకోవాలని చేయిస్తాను. కష్టమంతా ఎక్కడ ఆపుతున్నాం అన్నదాంట్లో ఉంది. డయాబెటిస్‌కీ ఊబకాయానికీ ఈ దారిలో వచ్చిన మందుల చరిత్ర చూస్తే నాకు అదే కనిపిస్తుంది.

ఎకార్బోస్‌నే తీసుకోండి. బేయర్ కంపెనీవాళ్లు 1970లలో యాక్టినోప్లేన్స్ అనే మట్టి బ్యాక్టీరియాలో దీన్ని కనుక్కున్నారు. జర్మనీలో 1990లో, అమెరికాలో 1995లో మందుగా వచ్చింది. చూడడానికి నాలుగు చక్కెర యూనిట్ల గొలుసులా ఉంటుంది. ఎంజైము దాన్ని చక్కెరే అనుకుని పట్టుకుంటుంది. తీరా చూస్తే కోయాల్సిన చోట ఆక్సిజన్ బదులు నైట్రోజన్ ఉంటుంది. కోయలేదు, అంత తేలిగ్గా వదలనూ లేదు. ఈలోగా మనం తిన్న పిండిపదార్థం మెల్లగా జీర్ణమవుతుంది, భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పైకి లేవదు. మందు మందుగానే రక్తంలోకి చేరేది రెండు శాతం కూడా ఉండదు. పని అంతా పేగులోపలే. అందుకే అది ఇన్నేళ్లుగా సురక్షితమైన మందుల్లో ఒకటిగా నిలిచింది.

మరి అందరూ ఎందుకు వాడరు? మా అక్కని అడగండి. ఆవిడకి షుగర్ వచ్చినప్పుడు డాక్టరు వేరే మందుతోపాటు ఇది కూడా రాశారు. కొన్నాళ్లు వాడి మానేసింది. "ఆఫీసు మీటింగులో కూర్చోలేకపోతున్నానే, టెన్షన్‌తో చచ్చిపోతున్నాను" అంది. పై పేగులో జీర్ణం కాని పిండిపదార్థం కిందికి, పెద్దపేగులోకి వెళ్తుంది. అక్కడ కాచుకుని ఉన్న బ్యాక్టీరియాకు అది విందు. తిని గ్యాస్ వదులుతాయి. మందు సరిగ్గా పనిచేస్తోందనడానికి అదే గుర్తు అని నేను చెబితే అక్క నన్ను తిట్టింది. తప్పులేదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. డాక్టరు చెప్పారో లేదో, ఆవిడ విన్నదో లేదో నేను అడగలేదు.

ఇది మా అక్క ఒక్కదాని గొడవ కాదు. 2002లో స్టాప్ ఎన్‌ఐడీడీఎం అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. డయాబెటిస్ అంచున ఉన్నవాళ్లలో ఎకార్బోస్ వాడిన 32 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 42 శాతం మందికి తర్వాత డయాబెటిస్ వచ్చింది. మంచి ఫలితమే. కానీ ఎకార్బోస్ ఇచ్చినవాళ్లలో 31 శాతం మంది మధ్యలోనే మాత్ర మానేశారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 19 శాతమే. నా దృష్టిలో ఆ పరీక్షలో అసలు చదవాల్సిన అంకె ఈ 31.

ఇంకొక మాట, వాడేవాళ్లకు పనికొచ్చేది. ఎకార్బోస్‌ని ఇన్సులిన్‌తోనో షుగర్ తగ్గించే సల్ఫోనైల్ యూరియా మందులతోనో కలిపి వాడుతున్నప్పుడు షుగర్ బాగా పడిపోతే మామూలు పంచదార తిని లాభం లేదు. పంచదారను విడగొట్టే ఎంజైమునే కదా మనం ఆపి కూర్చున్నది! నేరుగా గ్లూకోజే తీసుకోవాలి. చాలామందికి ఇది ఎవరూ చెప్పరు.

2021లో నేచర్‌లో వచ్చిన ఒక పేపరు చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. మన నోట్లో, పేగుల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియాలకు ఎకార్బోస్‌కి ఫాస్ఫేటు తగిలించి దాన్ని పనికిరాకుండా చేసే ఎంజైము ఉందట. బ్యాక్టీరియా ఇంకో బ్యాక్టీరియా మీద వాడే ఆయుధాన్ని మనం మందుగా మింగుతున్నాం. దానికి విరుగుడు మన లోపలే ఎప్పటినుంచో ఉంది.

కొవ్వు సంగతికొస్తే ఆర్లిస్టాట్. ఇదీ బ్యాక్టీరియా ఇచ్చిందే. స్ట్రెప్టోమైసిస్ టాక్సీట్రిసిని అనే జీవినుంచి రోష్ కంపెనీ లిప్‌స్టాటిన్ అనే పదార్థాన్ని తీసింది. దాన్ని కొంచెం మార్చి స్థిరంగా ఉండేలా చేస్తే వచ్చింది ఆర్లిస్టాట్. 1999లో అమెరికాలో జెనికల్ పేరుతో అనుమతి దొరికింది. మనం తిన్న కొవ్వును ముక్కలు చేసే లైపేజ్ ఎంజైము నడిబొడ్డున సెరీన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంటుంది. ఆర్లిస్టాట్ వెళ్లి దానికి రసాయనికంగా అతుక్కుంటుంది. భోజనంతోపాటు 120 మిల్లీగ్రాముల క్యాప్సూల్ వేసుకుంటే తిన్న కొవ్వులో సుమారు 30 శాతం జీర్ణం కాకుండా బయటికి పోతుంది.

ఎలా బయటికి పోతుందన్నది మర్యాదగా చెప్పడం కష్టం. నూనె కారుతుంది, పరుగెత్తాల్సి వస్తుంది, బట్టలు పాడవుతాయి. కొవ్వు ఎక్కువ తిన్నరోజు శిక్ష ఎక్కువ. ఈ మందు సగం లైపేజ్‌ని ఆపి, సగం మనిషిని భయపెట్టి బరువు తగ్గిస్తుందని నా అనుమానం. కొవ్వుతోపాటు ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా కొంత జారిపోతాయి కాబట్టి విటమిన్ మాత్రను మందుకి దూరంగా, పడుకునే ముందు వేసుకోమంటారు. 2004లో వచ్చిన జెండోస్ పరీక్షలో నాలుగేళ్లు వాడినవాళ్లు సగటున 5.8 కిలోలు తగ్గారు. ఆహారం, వ్యాయామం మాత్రమే పాటించి ఉత్తుత్తి క్యాప్సూల్ వేసుకున్నవాళ్లు 3 కిలోలు తగ్గారు. తేడా మూడు కిలోల లోపే. అయినా డయాబెటిస్ వచ్చే అవకాశం మాత్రం 37 శాతం తగ్గింది. బరువు కొంచెం తగ్గినా షుగర్ విషయంలో లాభం అంతకన్నా పెద్దదిగా ఉంటుందని దీన్నిబట్టి నాకు బలంగా అనిపిస్తుంది.

ఈ రెండు మందులూ శరీరం బయటే పనిచేస్తాయి. పేగు గొట్టం లోపలి ఖాళీ నిజానికి మనకు బయటిదే, నోటినుంచి కిందిదాకా సాగిన ఒక సొరంగం. రక్తంలోకి దిగినకొద్దీ కథ మారిపోతుంది.

రక్తంలో గెలిచినవి డీపీపీ-4 నిరోధకాలు, అంటే గ్లిప్టిన్లు. మనం తిన్నప్పుడు పేగు జీఎల్‌పీ-1 అనే హార్మోను వదులుతుంది. ఇన్సులిన్‌ని బయటికి రమ్మని పిలిచేది అదే. కానీ అది రక్తంలో రెండు నిమిషాలైనా నిలవదు. డీపీపీ-4 ఎంజైము వచ్చి దాని కొస నుంచి రెండు అమైనో ఆమ్లాలు తుంచేస్తుంది. తుంచేదాన్ని ఆపితే హార్మోను ఎక్కువసేపు ఉంటుంది. ఆలోచన బాగుంది. కానీ మెర్క్ కంపెనీ మొదట చేతపట్టిన పదార్థాలు ఎలుకల్లో, కుక్కల్లో విషమయ్యాయి. ఎలుకలకు వెంట్రుకలు రాలాయి, ప్లేట్‌లెట్లు తగ్గాయి, ప్లీహం ఉబ్బింది, కొన్ని చచ్చిపోయాయి. కుక్కలకు పేగులు దెబ్బతిన్నాయి. చాలామంది అక్కడితో వదిలేసి ఉండేవారు. వాళ్లు మాత్రం తప్పు డీపీపీ-4ని ఆపడంలో ఉందా, లేక ఆ పదార్థం ఇంకేదైనా ఆపుతోందా అని వెతికారు. దాని బంధువులైన డీపీపీ-8, డీపీపీ-9 కూడా ఆగిపోతున్నాయి. ఆ రెండూ కణాల లోపల ఉంటాయి. ఆ రెండింటి జోలికి పోని అణువుకోసం వెతికితే సిటాగ్లిప్టిన్ దొరికింది. డీపీపీ-8, 9ల కన్నా డీపీపీ-4ని 2,600 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. మందుల తయారీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇది. ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్పి విసిగిస్తాను.

సిటాగ్లిప్టిన్‌ని ఫ్యాక్టరీలో తయారుచేయడానికి ఇప్పుడు ఒక ఎంజైమునే వాడతారు. కోడెక్సిస్, మెర్క్ కలిసి ట్రాన్స్‌ఎమినేజ్ అనే ఎంజైమును విడతలు విడతలుగా మార్చి ఈ పనికి తయారుచేశాయి. 2010లో ఆ పని సైన్స్ పత్రికలో వచ్చింది. అంతకుముందు ఈ మెట్టు దగ్గర రోడియం అనే ఖరీదైన లోహం అవసరమయ్యేది. ఎంజైమును ఆపే మందును ఎంజైము చేత చేయించడం! మా ల్యాబు గోడ మీద ఆ రసాయన చర్య బొమ్మ ఒకటి అంటించాను.

గ్లిప్టిన్లు షుగర్‌ని తగ్గిస్తాయి కానీ బరువును కదిలించవు. అవి శరీరం తనే వదిలిన జీఎల్‌పీ-1ని కాపాడతాయి, అంతే. దాంతో దాని మోతాదు రెండు మూడు రెట్లు పెరుగుతుందేమో. ఆకలి తగ్గడానికి అది చాలదు. ఇక్కడ మా ఇన్‌హిబిటర్ జాతివాళ్లను, అంటే ఎంజైములను ఆపేవాళ్లను, ఇంకో జాతి దాటేసింది. కోసే ఎంజైమును ఆపడం ఎందుకు, కోతకు లొంగని హార్మోనునే తయారుచేస్తే పోలా అనుకున్నారు వాళ్లు. అలా వచ్చిన సెమాగ్లూటైడ్ అనే మందులో, డీపీపీ-4 పట్టుకునే రెండో స్థానంలోని అలనైన్‌ని తీసేసి ఏఐబీ అనే వేరే అమైనో ఆమ్లం పెట్టారు. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని వేలాడేలా ఒక కొవ్వు తోక కూడా తగిలించారు. రెండు నిమిషాల హార్మోను వారానికొక ఇంజెక్షన్‌గా మారిపోయింది. 2021లో వచ్చిన స్టెప్ 1 పరీక్షలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది. కాస్త అసూయ ఉన్నమాట నిజమే. కానీ డీపీపీ-4 ఎక్కడ, ఎలా కోస్తుందో దశాబ్దాలపాటు తవ్వినవాళ్లు లేకపోతే ఏ అమైనో ఆమ్లం మార్చాలో వాళ్లకు ఎలా తెలిసేది?

ఇక కణం లోపలి ఎంజైములు. ఇది పెద్ద శ్మశానం.

పీటీపీ1బీ అనే ఎంజైము ఇన్సులిన్ ఇచ్చిన సంకేతాన్ని చెరిపేస్తుంది. దాన్ని తయారుచేసే జన్యువు లేని చిట్టెలుకలు కొవ్వు తిండి పెట్టినా లావెక్కలేదని, ఇన్సులిన్‌కి బాగా స్పందించాయని 1999లో సైన్స్‌లో వచ్చింది. డయాబెటిస్, ఊబకాయం రెండూ ఒకే దెబ్బకు! కంపెనీలన్నీ ఎగబడ్డాయి. కానీ ఈ ఎంజైములో మందు అణువు కూర్చోవాల్సిన గుంట నిండా ధనావేశం. అందులో ఇమిడేవి గట్టి రుణావేశం ఉన్న అణువులు. అలాంటివి కణం పొర దాటి లోపలికి పోలేవు. ప్లేటులో అద్భుతంగా ఆపుతాయి, కణంలో సున్నా. పైగా దీని తోబుట్టువు టీసీపీటీపీ అచ్చం దీనిలాగే ఉంటుంది. అది లేని చిట్టెలుకలు పుట్టిన కొన్ని వారాలకే చనిపోతాయి. ఒకదాన్ని ఆపాలి, ఇంకొకదాన్ని ముట్టుకోకూడదు. ఈ ఎంజైము మీద కొన్నాళ్లు నేనూ పనిచేశాను. గుంటలో ఇమిడే అణువును గీయడం మహా తేలిక. దాన్ని కణంలోకి పంపే దారే లేదు.

డీజీఏటీ1 కథ ఇంకా చిత్రం. శరీరంలో కొవ్వు అణువును కట్టే చివరి మెట్టు ఇది. ఇది లేని చిట్టెలుకలు సన్నగా, హాయిగా ఉన్నాయి. దీన్ని ఆపే మందును మనుషులకు ఇస్తే విరేచనాలు, వాంతులు. కారణం తర్వాత తెలిసింది. చిట్టెలుక పేగులో డీజీఏటీ2 అనే బదులు ఎంజైము ఉంది, మనిషి పేగులో లేదు. డీజీఏటీ1 జన్యువు పాడైన పిల్లలకు పుట్టుకతోనే తీవ్రమైన విరేచనాలు ఉంటాయని కూడా బయటపడింది. అసిటైల్ కోఏ కార్బాక్సిలేజ్ అనే ఇంకో ఎంజైమును ఆపితే కాలేయంలో కొవ్వు నిజంగానే తగ్గింది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు మాత్రం పెరిగాయి. ఒక తలుపు మూస్తే కాలేయం ఇంకో తలుపు తెరిచింది. మెట్‌ఏపీ2 అనే ఎంజైమును ఆపే బెలోరానిబ్ బరువును బాగా తగ్గించింది. కానీ రక్తం గడ్డకట్టి ఇద్దరు రోగులు చనిపోవడంతో 2016లో దాన్ని ఆపేశారు. అది గుర్తొస్తే, మేం ప్లేటులో చూసే అంకెలు ఎంత చిన్నవో అనిపిస్తుంది.

అందుకే నేను మళ్లీ పేగు వైపే వచ్చేశాను. మా గుంపులో కొందరికి ఇది పాతచింతకాయ పచ్చడిలా కనిపిస్తుంది. అననివ్వండి. పేగులో ఇంకా చేయాల్సిన పని ఉంది. స్వీడన్‌లో ఒక కంపెనీ ఆర్లిస్టాట్‌నీ ఎకార్బోస్‌నీ ఒకే మందులో కలిపి, ఒక్కొక్కటి పేగులో వేరువేరు చోట్ల మెల్లగా విడుదలయ్యేలా చేసి, ఊబకాయం ఉన్నవాళ్ల మీద పరీక్షించింది. కొత్త అణువేమీ లేదు. రెండూ మనకు బాగా తెలిసినవే. చోటు మార్చారు, అంతే. బరువు తగ్గింది. ఉన్న మందు ఎక్కడ విడుదలవ్వాలి అన్న ప్రశ్న, కొత్త మందు ఏది అన్న ప్రశ్నకన్నా చిన్నదేం కాదని నేను నమ్ముతాను. మేమిప్పుడు చేస్తున్నది కూడా ఇలాంటిదే. లైపేజ్‌ని ఆపే పదార్థాలను పూతల్లో చుట్టి, కృత్రిమ పేగు ద్రవంలో ఏ గంటకు ఎంత వదులుతాయో కొలుస్తున్నాం.

ఫోనులో అక్కకు ఈ సంగతి చెప్పాను. పూర్తిగా విననే లేదు.

"ఆ రెండూ కలిపి ఒకే మాత్రా? నువ్వు ముందు వేసుకుని చూడు, తర్వాత నాకు చెబుదువుగాని" అంది.